మీటరు దగ్గర 204, మెషీన్ దగ్గర 188

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ దిగి నాలుగు సందులు లోపలికి నడిస్తే, ఆదివారం పొద్దున ఏ అపార్ట్‌మెంట్ వాష్ ఏరియాలో చూసినా ఒకటే హడావిడి. బట్టలు వేశారు, సర్ఫు పోశారు, మీట తిప్పారు. డ్రమ్ము తిరగాలి. తిరగదు. లోపల మోటారు మాత్రం సన్నగా మూలుగుతుంది. కాసేపటికి కాలిన లక్క లాంటి వాసన ముక్కుకు తగులుతుంది.

మెకానిక్ వచ్చి మూత తెరవకుండానే తేల్చేస్తాడు: "లో వోల్టేజీ అక్కా, స్టెబిలైజర్ పెట్టించుకోండి." పక్క ఫ్లాటాయన మాత్రం "మాకు బాగానే వస్తోందే" అంటాడు. ఇద్దరి మాటా నిజం కావచ్చు. ఒకే స్తంభం నుంచి దిగిన కరెంటు ఒక ఇంట్లో నిండుగా, పక్కింట్లో నీరసంగా ఉండొచ్చు. ఒకే ఇంట్లో హాల్లో బాగుండి, వాష్ ఏరియాకు చేరేసరికి పడిపోనూవచ్చు. అందుకే వోల్టేజీ తగ్గిందని తెలిస్తే సరిపోదు, దారిలో ఎక్కడ తగ్గిందో తెలియాలి. ఒకచోట తగ్గితే స్టెబిలైజర్ మందు. మరోచోట తగ్గితే అదే స్టెబిలైజర్ ప్లగ్గును కాల్చిపెడుతుంది.

కొంచెం తగ్గితే అంత తేడానా?

నల్గొండ, ఖమ్మం, మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చి ఎల్బీనగర్, వనస్థలిపురం కాలనీల్లో స్థిరపడినవాళ్లకు లో వోల్టేజీ అంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. బోరు మోటారు గుంయ్‌మని ఆగిపోవడం, వైండింగ్ కాలడం, మోటారును ట్రాక్టరులో వేసుకుని మండల కేంద్రానికి పరుగెత్తడం వాళ్లు చూసినవే. బోరు మోటారుకు వర్తించే సూత్రమే సెమీ ఆటోమేటిక్ వాషింగ్ మెషీన్‌లోని చిన్న మోటారుకూ వర్తిస్తుంది.

ఇండక్షన్ మోటారుకు తిప్పే బలం వోల్టేజీ ఎంత తగ్గితే అంతే తగ్గదు, వోల్టేజీ వర్గాన్ని బట్టి తగ్గుతుంది. 230 వోల్టుల దగ్గర బలం నూరు పాళ్లనుకుందాం. 180 వోల్టులకు దిగితే 78 పాళ్లు మిగులుతాయనిపిస్తుంది. కానీ మిగిలేది 61 పాళ్లే. 160 దగ్గర సగం కూడా ఉండదు. నీళ్లు పీల్చిన దుప్పట్లు, జీన్సు ప్యాంట్లు నిండిన తొట్టిని కదలని స్థితి నుంచి కదిలించడానికి ఆ బలం చాలదు. తిరగడం మొదలుపెట్టని మోటారు మామూలు కరెంటుకు కొన్ని రెట్లు లాగుతుంది. పని జరగదు కాబట్టి ఆ కరెంటు చాలావరకు వైండింగ్‌లో వేడిగా మారుతుంది. మూలుగు, వాసన రెండూ అక్కడివే. వేడికి దానంతటదే తెగి, చల్లారాక మళ్లీ కలిసే చిన్న రక్షణ మీట చాలా మోటార్లలో ఉంటుంది. అరగంట ఆగాక మెషీన్ మళ్లీ బతికిందంటే దాని చలవే.

వేడినీళ్లతో ఉతికే ఫ్రంట్ లోడ్ మెషీన్‌లో హీటరు కూడా ఇదే లెక్కలో నడుస్తుంది. 230 వోల్టుల దగ్గర 2,000 వాట్లు ఇచ్చే హీటరు 170 దగ్గర సుమారు 1,100 వాట్లే ఇస్తుంది. 15 లీటర్ల నీటిని 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు తేవడానికి 18 నిమిషాలు సరిపోవాల్సింది 33 నిమిషాలకు సాగుతుంది. తెర మీద మిగిలిన సమయం కదలకుండా నిలిచిపోయిందని కంగారు పడేవాళ్లు చాలాసార్లు చూస్తున్నది ఈ అదనపు పావుగంటనే.

ఇన్వర్టర్ మోటారున్న మెషీన్ల తీరు వేరు. అవి వచ్చిన ఏసీ కరెంటును ముందు డీసీగా మార్చుకుంటాయి. ఇంటికి 230 వోల్టులు వస్తే లోపల సుమారు 325 వోల్టుల డీసీ తయారవుతుంది, 170 వస్తే 240 దగ్గరే ఆగుతుంది. దాంతో బట్టలు పిండే వేగం అందుకోలేనని తెలిసి బోర్డు పని ఆపేస్తుంది, తెర మీద ఒక కోడ్ చూపిస్తుంది. ఆ అక్షరాలు కంపెనీకొక తీరు, మోడల్‌కొక తీరు. మెషీన్‌తో వచ్చిన పుస్తకాన్ని పారేయకుండా దాచుకున్న ఇంట్లో ఇక్కడ సగం పని తేలికవుతుంది.

ట్యూబులైటు పోయింది, సాక్షీ పోయింది

ఒకప్పుడు వోల్టేజీ పడిపోతే ఇంట్లో పిల్లలకు కూడా తెలిసిపోయేది. గుండు బల్బు ఎర్రబడేది. చోకు, స్టార్టరు ఉన్న ట్యూబులైటు మిణుకుమిణుకుమంటూ ఎంతకీ వెలిగేది కాదు. ఫ్యాను రెక్కలు లెక్కపెట్టగలిగేంత నెమ్మదించేది. ఇప్పుడు ఎల్ఈడీ బల్బు లోపలి చిన్న సర్క్యూట్ వోల్టేజీ కొంత తగ్గినా వెలుతురు తగ్గనివ్వదు. బీఎల్‌డీసీ ఫ్యానూ అంతే. సెల్‌ఫోన్ ఛార్జర్ మీద సన్న అక్షరాలు చదివితే 100 నుంచి 240 వోల్టుల దాకా పనిచేస్తుందని రాసి ఉంటుంది. కాబట్టి లైట్లు వెలుగుతున్నాయి, ఫోన్ ఛార్జ్ అవుతోంది, మెషీన్ తెర మీద అంకెలూ కనిపిస్తున్నాయి అంటే వోల్టేజీ బాగున్నట్టు కాదు. ఇంట్లో ఇంకా సాక్ష్యం చెప్పగలిగేవి పాత ఫ్రిజ్, మామూలు సీలింగ్ ఫ్యాను, వాషింగ్ మెషీన్.

చాలా ఇళ్లలో ఉండే స్క్రూడ్రైవర్ టెస్టర్ కూడా ఈ విషయంలో నమ్మదగిన సాక్షి కాదు. దాని నియాన్ దీపం వంద వోల్టులకైనా వెలుగుతుంది. కరెంటు ఉందో లేదో చెప్పగలదు కానీ, ఎంత ఉందో చెప్పలేదు.

పాత బల్బు, పాత హీటరు వోల్టేజీ తగ్గినప్పుడు కరెంటు కూడా తక్కువే తీసుకునేవి. ఒకరకంగా లైన్ మీద బరువు దించేవి. ఇన్వర్టర్ ఏసీ అలా ఊరుకోదు. గది చల్లబరచడానికి దానికి 1,500 వాట్లు కావాలంటే కావాలి. 230 వోల్టుల దగ్గర ఆరున్నర ఆంపియర్లు లాగేది, 190కి పడిపోతే దాదాపు ఎనిమిది లాగుతుంది. కరెంటు పెరిగితే తీగలో నష్టం పెరుగుతుంది, వోల్టేజీ ఇంకాస్త పడుతుంది. మే నెల రాత్రి పదింటికి ఒక సందులో నలభై ఏసీలు ఆన్ అయినప్పుడు, చివరి స్తంభం దగ్గర మెషీన్ వేసుకున్న ఇంటికి ఈ గుంజులాట అంతా చేరుతుంది.

సందు చివరి ఇల్లు

కృష్ణా నీళ్లు వదిలిన రోజు సందు మొదట్లో మోటార్లు పెడితే చివరి ఇంటి సంపులోకి చెంబెడు కూడా రాకపోవడం సాహెబ్‌నగర్ రిజర్వాయరు నీళ్లు తాగే కాలనీలన్నిటికీ అనుభవమే. కరెంటు విషయంలోనూ చివరి ఇంటి గతి ఇంచుమించు ఇదే.

వీధిలోని ట్రాన్స్‌ఫార్మర్ 11,000 వోల్టులను 433కి దించుతుంది. మూడు ఫేజుల్లో ఒక్కోదానికీ న్యూట్రల్‌కీ మధ్య అది 250 వోల్టులు. ఇంటి సరఫరాకు ప్రకటించిన వోల్టేజీ 240, మరి ఇక్కడ 250 ఎందుకు? తీగల వెంట కొంత పోతుందని ముందే తెలుసు కాబట్టి. 1956 నాటి భారత విద్యుత్ నిబంధనలు ఇంటి సరఫరాకు ఆరు శాతం అటూ ఇటూ వెసులుబాటు ఇచ్చాయి, అదే లెక్క ఇప్పటికీ వాడుకలో ఉంది. అంటే ఇంటి మీటరు దగ్గర సుమారు 226 నుంచి 254 వోల్టుల మధ్య ఉండాలి.

ఆ అంకె నిలవకపోవడానికి వీధిలో పెరిగిన లోడు ఒక కారణం. ఎల్బీనగర్, గడ్డిఅన్నారం 2007 వరకు వేర్వేరు పురపాలక సంఘాలు. ఆ ఏడాది రెండూ జీహెచ్ఎంసీలో కలిశాయి. 2018 సెప్టెంబరులో అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్‌కు మెట్రో వచ్చింది. ఈలోగా చైతన్యపురి, కొత్తపేట, కర్మన్‌ఘాట్ సందుల్లో ఎన్నో పాత పెంకుటిళ్లు, డాబాలు పోయి అంతస్తులు లేచాయి. కోచింగ్ సెంటర్ల చుట్టూ హాస్టళ్లు వెలిశాయి. ఒక కుటుంబం ఉన్న స్థలంలో ఎనిమిది కుటుంబాలు, ఎనిమిది గీజర్లు, ఎనిమిది వాషింగ్ మెషీన్లు. పాత ఇల్లు కట్టినప్పుడు రాయించుకున్న ఒక కిలోవాట్ లోడునే కాగితం మీద ఉంచి, ఇంట్లో ఐదు కిలోవాట్లు వాడేవాళ్లూ ఉంటారు. కరెంటు పంపిణీ సంస్థ (డిస్కం) తన లెక్క కాగితాన్ని బట్టి వేసుకుంటుంది. కాగితం తప్పయితే ట్రాన్స్‌ఫార్మర్ సైజు కూడా తప్పుతుంది.

ఫేజుల పంపకం మరో చిక్కు. మూడు ఫేజుల మీదా ఇళ్లు సమంగా పంచి ఉండాలి. కాలక్రమంలో కొత్త కనెక్షన్లు చేతికందిన ఫేజుకే తగిలితే, ఒక ఫేజు కుంగి మిగతా రెండూ తేలికగా ఉంటాయి. "మాకు బాగానే వస్తోందే" అన్న పక్క ఫ్లాటాయన వేరే ఫేజు మీద ఉండి ఉంటాడు. కొన్ని పాత ఇళ్లలో ఫేజు మార్చుకునే స్విచ్చు ఉంటుంది. అందరూ మంచి ఫేజులోకి మారితే గంటలో అదీ కుంగుతుంది.

రెండు అంకెలు రాసుకోవాలి

లోపం వీధిదా, ఇంటిదా అన్నది తేల్చడానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. ప్లగ్గులో గుచ్చి చూసే చిన్న డిజిటల్ వోల్టు మీటరు ట్రూప్ బజార్‌లో తక్కువ ధరకే దొరుకుతుంది. ఇంటి కరెంటు మీటర్లలో కొన్ని వరుసగా చూపే అంకెల్లో వోల్టేజీ కూడా ఉంటుంది. కిటుకల్లా ఒక్కటే: మెషీన్ నడుస్తుండగా కొలవాలి. ఏమీ నడవనప్పుడు వదులు జాయింటు కూడా పూర్తి వోల్టేజీనే చూపిస్తుంది. కరెంటు పారినప్పుడే దాని గుట్టు బయటపడుతుంది.

కొత్తపేటలో నాలుగో అంతస్తు ఫ్లాటు ఒకటి ఊహించుకుందాం. శీతాకాలం, పొద్దున ఏడున్నర. బాత్‌రూమ్‌లో 3 కిలోవాట్ల గీజర్ నడుస్తోంది, వాష్ ఏరియాలో ఫ్రంట్ లోడ్ మెషీన్ నీళ్లు వేడి చేసుకుంటోంది. కింద సెల్లార్‌లోని మీటరు దగ్గర 204 వోల్టులు. మెషీన్ ప్లగ్గు దగ్గర 188. మధ్యలో 16 వోల్టులు ఏమయ్యాయి?

సెల్లార్ నుంచి నాలుగో అంతస్తుకు 25 మీటర్ల 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, రాను 25 పోను 25 కాబట్టి 50 మీటర్లు. దాని నిరోధం పావు ఓమ్. గీజరు, మెషీను కలిసి లాగే 18 ఆంపియర్లకు అక్కడ నాలుగున్నర వోల్టులు పోతాయి. ఫ్లాటులోని ఎంసీబీ పెట్టె నుంచి వాష్ ఏరియాకు 15 మీటర్లు 1.5 తీగ వేశారు. మెషీన్ లాగే 7 ఆంపియర్లకు ఇంకో రెండున్నర వోల్టులు. సాకెట్ అందక వాడిన ఐదు మీటర్ల సన్న ఎక్స్‌టెన్షన్ బాక్సులో రెండు. మిగిలిన ఏడు వోల్టులు, అన్నిటికన్నా పెద్ద వాటా, వదులైన ప్లగ్గు పిన్నుల దగ్గరే ఆవిరయ్యాయి.

పిన్నుల దగ్గర ఒక్క ఓమ్ నిరోధం ఉంటే చాలు, 7 ఆంపియర్లకు సుమారు 50 వాట్ల వేడి పుడుతుంది. సోల్డరింగ్ ఐరన్ కూడా దాదాపు అంతే. బొటనవేలంత చోట సోల్డరింగ్ ఐరన్ గంటసేపు వెలిగిస్తే ఏమవుతుందో సాకెట్ మీది గోధుమరంగు మచ్చ చూపిస్తుంది. మెషీన్ ఆపి, మెయిన్ తీశాక ఎలక్ట్రీషియన్‌తో మొదట చూపించాల్సింది ఆ సాకెట్టే. హీటరున్న మెషీన్‌కు 16 ఆంపియర్ల సాకెట్, ఎంసీబీ నుంచి నేరుగా వచ్చే 2.5 లేదా 4 చదరపు మిల్లీమీటర్ల తీగ, సరైన ఎర్తింగ్ ఉండాలి. 6 ఆంపియర్ల ఎక్స్‌టెన్షన్ బాక్సు అక్కడ ఉండకూడదు.

హీటరు లేని సెమీ ఆటోమేటిక్ మెషీన్ రెండు ఆంపియర్ల లోపే తీసుకుంటుంది. దాని వల్ల ఇంటి తీగల్లో నష్టం రెండు మూడు వోల్టులు దాటదు. కాబట్టి సెమీ ఆటోమేటిక్ మూలుగుతూ, ప్లగ్గు దగ్గర 180 కనిపిస్తే లోపం చాలావరకు వీధి వైపే. ప్లగ్గు దగ్గర 225 కనిపించినా మూలుగుతుంటే తప్పు వోల్టేజీది కాదు.

వోల్టేజీ ముసుగులో వచ్చే ఇతర జబ్బులు

వాటిలో మొదటిది కెపాసిటర్, మెకానిక్‌ల మాటలో కండెన్సర్. ఒకే ఫేజు మీద నడిచే మోటారుకు ఎటు తిరగాలో చెప్పే రెండో తోపు ఇచ్చేది అదే. వేడికి, వయసుకు దాని సామర్థ్యం తగ్గుతుంది. అప్పుడు మోటారు అచ్చం లో వోల్టేజీలో లాగానే మూలుగుతుంది. మల్టీమీటరుతో కొలిచి, పైన రాసిన మైక్రోఫారడ్ల కన్నా బాగా తక్కువ చూపిస్తే మార్చేయాలి. ప్లగ్గు పీకేసిన తర్వాత కూడా అందులో విద్యుత్తు నిలవ ఉంటుంది కాబట్టి ఆ పని తెలిసినవాళ్లకే వదిలేయాలి.

రెండోది అడ్డం. ప్లగ్గు తీసి, తొట్టి అడుగున తిరిగే చక్రాన్ని చేత్తో తిప్పి చూస్తే తెలిసిపోతుంది. జేబులో మరిచిన రూపాయి బిళ్ల, హెయిర్‌పిన్ను, పిల్లల సాక్సు దాని కింద ఇరుక్కుంటాయి. చక్రం కదలకపోతే మోటారు మాత్రం ఏం చేస్తుంది?

నీళ్లు సరిగ్గా ఎక్కకపోతే అది వోల్టేజీ తప్పూ కావచ్చు, ఎత్తు తప్పూ కావచ్చు. నీళ్లు వదిలే వాల్వు ఒక విద్యుదయస్కాంతం. వోల్టేజీ బాగా పడితే అది పూర్తిగా తెరుచుకోదు. కానీ పై అంతస్తు ఫ్లాటుకు, డాబా మీది ట్యాంకుకు మధ్య ఎత్తు రెండు మూడు మీటర్లే. పది మీటర్ల నీటి ఎత్తు ఉంటే సుమారు ఒక బార్ ఒత్తిడి వస్తుంది. మూడు మీటర్లకు వచ్చేది 0.3 బార్, చాలా మెషీన్లకు అది అంచు మీది లెక్క. దానికి తోడు బోరు నీళ్ల ఇసుక వాల్వు జల్లెడలో పేరుకుంటే, కరెంటు ఎంత నిండుగా ఉన్నా తొట్టి నిండదు.

ఒక గదిలో మసక, ఇంకో గదిలో మంట

లో వోల్టేజీలా మొదలై అంతకన్నా ఎంతో ప్రమాదకరంగా మారేది ఒకటుంది: న్యూట్రల్ తెగడం. మూడు ఫేజుల ఇళ్లన్నీ న్యూట్రల్ తీగకు కట్టుబడి ఉంటాయి. స్తంభం మీదో, సెల్లార్ ప్యానెల్‌లోనో అది వదులైతే ఆ కట్టు తప్పుతుంది. ఎక్కువ లోడున్న ఫేజులో వోల్టేజీ 120కి పడిపోతుంటే, తక్కువ లోడున్న ఫేజులో 300 దాటి 400 వైపు ఎగబాకవచ్చు. ఒక ఫ్లాటులో ఫ్యాను ఆగిపోయేంత నీరసం, పై ఫ్లాటులో టీవీ, ఫ్రిజ్, మెషీన్ బోర్డు ఒకేసారి కాలిపోవడం. ఒక పరికరం ఆన్ చేయగానే ఇంకో గదిలో ఫ్యాను వేగం పెరిగిందంటే ఆలోచించే సమయం కాదు. మెయిన్ దించేయాలి, అపార్ట్‌మెంట్ అందరికీ చెప్పాలి, కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేయాలి.

స్టెబిలైజర్ ఎప్పుడు?

స్టెబిలైజర్ కరెంటును పుట్టించదు. అందులో ఉన్నది ఒక ఆటో ట్రాన్స్‌ఫార్మర్, దాని చుట్ల మీద ఎక్కడ తగులుకోవాలో నిర్ణయించే రిలేలు. 170 వోల్టులను 230 చేయడానికి అది లైన్ నుంచి ఎక్కువ ఆంపియర్లు లాగాల్సిందే. 2,000 వాట్ల హీటరు 170 వోల్టుల మీద నేరుగా ఉంటే సుమారు 6.4 ఆంపియర్లు లాగుతుంది. స్టెబిలైజర్ ద్వారా అయితే గోడ సాకెట్ నుంచి దాదాపు 12 లాగుతుంది. వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, సాకెట్‌లో వదులు పిన్ను ఉంటే అక్కడి వేడి మూడు రెట్లు దాటుతుంది. ఇంటి లోపలి లోపానికి స్టెబిలైజర్ పెట్టడం, కారే పైపుకు ఇంకాస్త పెద్ద మోటారు బిగించడం లాంటిది.

వీధి వోల్టేజీయే తగ్గి, ఇంటి తీగలు బాగున్న చోట అది నిజంగా ఉపయోగపడుతుంది. హీటరు లేని చిన్న మెషీన్‌కు ఒక కేవీఏ చాలు, హీటరున్న ఫ్రంట్ లోడ్‌కు మూడు కేవీఏ దాకా కావాలి. పక్కింట్లో టీవీకి వాడిన స్టెబిలైజర్ తెచ్చి తగిలిస్తే ముందు కాలేది ఆ స్టెబిలైజరే.

వీధి వైపు లోపానికి అసలు వైద్యం డిస్కం చేతిలో ఉంది. ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యం పెంచడం, ఫేజుల లోడు సమం చేయడం, స్తంభం మీద కాలిన జంపర్ తీగ మార్చడం. ఫిర్యాదులో "లో వోల్టేజీ వస్తోంది" అని ఒక్క ముక్క రాస్తే లైన్‌మన్ మధ్యాహ్నం రెండింటికి వచ్చి చూస్తాడు. అప్పుడు 235 కనిపిస్తుంది, ఫిర్యాదు మూతపడుతుంది. మీటరు దగ్గర కొలిచిన అంకె, తేదీ, గంట, ఎన్ని ఇళ్లలో అలా ఉందో రాస్తే సరైన వేళకు వచ్చి చూడాల్సి వస్తుంది. వోల్టేజీ ఫిర్యాదులకు విద్యుత్ నియంత్రణ మండలి గడువులు పెట్టింది. అవి దాటితే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు, ఆ పైన విద్యుత్ అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు.

కొత్తపేట ఫ్లాటుకు తిరిగి వద్దాం. కాలిన సాకెట్ తీసేసి కొత్త 16 ఆంపియర్ల సాకెట్, కొత్త ప్లగ్గు బిగించారు. ఎక్స్‌టెన్షన్ బాక్సు అటక ఎక్కింది. స్నానాలయ్యాక గీజర్ ఆపి, అప్పుడు మెషీన్ వేశారు. మీటరు దగ్గర అదే 204 ఉందనుకుంటే, మెషీన్ దగ్గర ఇప్పుడు 199. ఇంటివాళ్లు రాబట్టుకున్నవి 11 వోల్టులు. ఉండాల్సిన 226కు, ఉన్న 204కు మధ్య మిగిలిన 22 వోల్టుల లెక్క తేదీ, గంటతో సహా డిస్కం కార్యాలయానికి వెళ్లాలి.